రెండు లైన్లు తీసేసిన రోజు

ఆఫీసులో ఆమెను ఎదురుగా మేడం అనేవారు, చాటుగా చిటపట అనేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "కింద మంట పెట్టి, ఆవాలు చిటపటలాడుతున్నాయని ఏడిస్తే ఎలా?" అని ఒకసారి హెడ్ గుమస్తాని మొహం మీదే అడిగేసింది.

కేంద్ర గ్రంథాలయంలో మెట్ల కింద గది ఆమెది. పైన ఎవరు నడిచినా నెత్తిమీద నడిచినట్టే ఉండేది. ఆ గ్రంథాలయం కింద ముప్పై ఎనిమిది శాఖలున్నాయి. ఏ పుస్తకం ఎక్కడుంది, ఎవరు పట్టుకెళ్ళారు, ఎప్పుడు తిరిగివ్వాలి అన్నవి చూసుకునే సాఫ్ట్‌వేర్‌ని ఒక్కో శాఖలో పెట్టి రావడం ఆమె ఉద్యోగం. అది ఏ కంపెనీ సొత్తూ కాదు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల విప్పి చూడవచ్చు, బాగుచేసి నలుగురికీ పంచవచ్చు. కాకపోతే దాన్ని పెట్టడమే బ్రహ్మప్రళయం. చేతిలో ఒకదాని తరవాత ఒకటి చెయ్యాల్సిన పనులు అరవై రెండు మెట్లుగా రాసుకున్న కాగితం, రెండు బస్సులు మారి ప్రయాణం, శాఖకి రెండు రోజులు. ఎక్కడో ఒక్క చుక్క తప్పు పడితే మళ్ళీ మొదటికే. అలా మొదటికి వచ్చి వచ్చి పదకొండు శాఖలయ్యేసరికి ఏడాది గడిచింది.

పన్నెండో శాఖలో నలభై ఏడో మెట్టు దగ్గర కరెంటు పోయింది. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో కుక్కి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేసింది. నాలుగు నెలలు ఆ గదిలోంచి కదలకుండా ఒక ప్రోగ్రాం రాసింది. ఆ అరవై రెండు మెట్లూ ఇక యంత్రమే ఎక్కుతుంది. ఇక్కడ కూర్చుని ఒక్క వరుస టైపు చేస్తే, అక్కడ శాఖలో అరగంటలోపు అంతా సిద్ధం.

అందులో ఆమె అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించి రాసినవి రెండే రెండు లైన్లు. శాఖ కంప్యూటర్లో ముందే పుస్తకాల వివరాలుంటే ఆగిపో. మనిషిని పిలువు. అవి లేకపోతే కొత్తది వచ్చి పాత వివరాలన్నీ తుడిచేస్తుంది.

గ్రంథాలయాలన్నిటికీ అధికారి అయిన పెద్దసారుకి ఇది తెగ నచ్చింది. మంత్రిగారిని పిలిచి, మిగిలిన ఇరవై ఏడు శాఖలనీ ఒక్క మీట నొక్కి ప్రారంభింపజేయాలన్నాడు. ముందురోజు ఉత్తుత్తిగా నడిపి చూశారు. తెరమీద శాఖకొక దీపం చొప్పున ఇరవై ఆరు పచ్చగా వెలిగాయి. చెరువు దగ్గర శాఖ ఒక్కటి ఎర్రగా ఆగిపోయింది. అక్కడి లైబ్రేరియన్ ఎవరూ చెప్పకుండానే పదకొండేళ్ళ కిందటే ఈ సాఫ్ట్‌వేర్ పాతరకం ఒకటి తెచ్చుకుని, పుస్తకాలన్నీ తన చేత్తో ఎక్కించుకుంది.

"దాన్ని అలాగే వదిలేయండి సార్. నేను వెళ్ళి పాత వివరాలు కాపీ తీసి, తరవాత కొత్తది పెడతాను. మూడు రోజులు చాలు" అంది చిటపట.

"మంత్రిగారి ముందు ఎర్ర దీపమా?"

"ఎరుపంటే ఆయనకి భయమా సార్?"

పెద్దసారు లేచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళాక, యంత్రాల మరమ్మతుకి పెట్టుకున్న కంపెనీ మనిషిని పిలిపించాడు.

మర్నాడు హాలు నిండిపోయింది. మంత్రిగారు మీట నొక్కారు. తెరమీద దీపాలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. చివరి వరుసలో నిలబడ్డ చిటపట లెక్కపెట్టుకుంది. ఇరవై ఐదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు. ఆగాల్సిన శాఖ ఆగలేదు. ముందు వరుసలో చెరువు దగ్గర లైబ్రేరియన్ చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొడుతోంది.

తెల్లారి పొద్దున్నే ఆ లైబ్రేరియన్ ఫోను చేసింది. "అమ్మాయ్, తెర మీద పుస్తకాలు సున్నా అంటోంది. నేనేమైనా తప్పు నొక్కానా?"

"నువ్వేం తప్పు చెయ్యలేదక్కా" అంది చిటపట.

మధ్యాహ్నానికి మెమో చేతికందింది. ప్రోగ్రాం రాసింది ఆమె కాబట్టి నష్టానికి బాధ్యురాలూ ఆమేనట. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు. ఇక్కడ సోకు సారుది, శిక్ష ఆమెది.

ఇంట్లో అత్తగారు కుట్టుమిషను ఆపి కళ్ళజోడు పైకి తోసింది. "మెమో మీద సంతకం పెట్టావా?"

"లేదత్తయ్యా. వాడి మొహాన కొట్టి రావాలనిపించింది."

"కొడుదువుగానిలే. ముందు రుజువు పట్టుకో. ఉత్త చేతులతో కొడితే నీ చెయ్యే నొప్పెడుతుంది."

రుజువు ఉంది. ఆ ప్రోగ్రాంలో ఎవరు ఏ అక్షరం మార్చినా పేరు, తేదీ, గంటతో సహా నమోదవుతుంది. తెరిచి చూసింది. ప్రారంభానికి ముందురోజు సాయంత్రం ఆరుంపావుకి రెండు లైన్లు ఎగిరిపోయాయి. కారణం రాయాల్సిన చోట కంపెనీ మనిషి అమాయకంగా రాసిపెట్టాడు: సార్ తీసెయ్యమన్నారు, తీసేశాను.

నెలవారీ సమావేశంలో అన్ని శాఖలవాళ్ళూ కూర్చున్నారు. పెద్దసారు "చిన్న సాంకేతిక లోపం" అనగానే ఆమె లేచింది.

"లోపం కాదు సార్. ఆగమని రాశాను. ఆగింది కూడా. దాని బ్రేకులు పీకేయించింది మీరు." కాగితం పైకెత్తి, తేదీ, గంట, ఆ ఒక్క వాక్యం గట్టిగా చదివింది. "ఆవిడ పదకొండేళ్ళు కూర్చుని ఎక్కించింది. మీరు పది నిమిషాల చప్పట్ల కోసం చెరిపేశారు. పైగా ఆవిడ చేతే చప్పట్లు కొట్టించారు. మనిషన్నవాడు చేసే పనేనా ఇది?"

"కూర్చోమ్మా, ఆవేశపడకు."

"కూర్చోను. మెమో వెనక్కి తీసుకుంటున్నానని ముందు మీరు రాయండి."

అప్పుడు చెరువు దగ్గర లైబ్రేరియన్ లేచి నిలబడింది. తరవాత ఆమె పక్కావిడ. తరవాత వెనక వరుస మొత్తం. పెద్దసారు రాసిచ్చాడు. అక్షరాలు వంకరపోయాయి.

అంతకుమించి ఏమీ జరగలేదు. ఎవరికీ శిక్ష పడలేదు. కంపెనీ మనిషి వేరే ఆఫీసుకి వెళ్ళాడు. పెద్దసారు మూడు నెలలకి పైకుర్చీ ఎక్కాడు. ఆ ఉత్తర్వు చూసిన రోజు చిటపట గది తలుపు వేసిన చప్పుడు మూడో అంతస్తుదాకా వినిపించింది.

లైబ్రేరియన్ సొరుగులో ఎనిమిది నెలల నాటి కాపీ ఒకటి దొరికింది. తరవాత చేర్చిన పదమూడు వందల నలభై పుస్తకాలు, వాటి పక్కన ఆవిడ రాసుకున్న మాటలు పోయాయి. చిటపట సెలవు పెట్టి వెళ్ళి ఆ శాఖలో కూర్చుంది. ఆవిడ అరల్లోంచి పుస్తకాలు తీసి చదువుతుంటే తను టైపు చేసింది.

"దీని పక్కన ఏదో రాశానే... ఆఁ, నూట పన్నెండో పేజీ లేదు, ఎవరైనా అడిగితే ఆ ముక్క నేను చెబుతాను అని." తరవాతి పుస్తకం తెరిచి చాలాసేపు చూసింది. "దీనికేం రాశానో గుర్తు రావడంలేదమ్మాయ్." ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

ఆ వారంలోనే చిటపట రెండు లైన్లనీ తిరిగి పెట్టింది. ఇప్పుడు వాటిని దాటాలంటే మనిషి తన పూర్తి పేరు, తను చెరిపేస్తున్నదేమిటో తన మాటల్లో టైపు చెయ్యాలి. ఆ ప్రోగ్రాంని కూడా ఎవరైనా ఊరికే తీసుకునేలా అందరి ముందూ పెట్టింది.

"కోపం తగ్గిందా?" అనడిగింది లైబ్రేరియన్, ఐదో రోజు.

"లేదక్కా. తరవాతి పుస్తకం ఇవ్వు."