రెక్క మీద తెరిచిన మూత

పావగడ శనిదేవుని మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా కబుర్లు తెలిసినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఆ ఏడు కరువుకు మిగిలిన కాస్త వేరుశనగను గొంగళిపురుగు తినేస్తుంటే, మందు చల్లడానికి ఎండిన మా చెరువులో చిన్న విమానం దిగింది. ఎగిరే ముందు పైలట్ దాని చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటీ తడిమి చూస్తున్నాడు. రెక్క మీద పెట్రోలు మూత తీశాడు. సరిగ్గా అప్పుడే మా ఊరి పెద్ద నారాయణప్ప కేకేశాడు. కొత్త ట్రాక్టరుకు చేసినట్టే విమానానికీ పూజ పెట్టించాడాయన.

“హారతి ఆరిపోతాది, బిర్నా రాండి సార్!”

పైలట్ వచ్చాడు. బొట్టు పెట్టించుకుని, దండం పెట్టి, అటునుంచి అటే సీట్లోకి ఎక్కాడు.

ఎక్కడ మందు చల్లాలో చూపిస్తూ చేనిగట్టు మీద జెండా పట్టుకోవడం నా పని. విమానం నా మీదుగా రెండోసారి వస్తుంటే రెక్క నుంచి పెట్రోలు దారంలా కారుతోంది. ఇంజను దగ్గింది, ఆగింది. నేను జెండా పారేసేలోపే విమానం చేలో పడింది. ఊడిన చక్రం ఒకటి దొర్లుకుంటూ ఆంధ్రా చెక్‌పోస్టు దాకా పోయింది. విమానం మాత్రం నా కాలి మీదే ఆగింది.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. “ఫీమర్ ఫ్రాక్చర్, తొడ ఎముక విరిగింది. రాడ్ వేయాలి” అన్నాడు డాక్టరు. వేశారు. తర్వాత జ్వరం, చీము. “ఇన్‌ఫెక్షన్ ఎముకకు పట్టింది. యాంటీబయాటిక్ పనిచేయకపోతే ఆంప్యుటేషనే.”

“తీసేయండి సార్, చెప్పుల ఖర్చు సగం తగ్గుతాది” అన్నాను.

పక్క మంచం మీద చేతికి కట్టుతో పైలట్ ఉండేవాడు. మూత మళ్లీ పెట్టని సంగతి ఆయనే చెప్పాడు. “చూడటం మధ్యలో ఎవరు పిలిచినా మళ్లీ మొదటినుంచి చూడాలి. నేను చూడలేదు” అని గోడ వైపు తిరిగాడు.

మర్నాడు సిస్టర్, ఒంటికి పడుతుందో లేదో చూడటానికి, నా ముంజేతికి పెన్సిలిన్ టెస్ట్ డోస్ ఇచ్చింది. ఇంతలో వేరే వార్డు నుంచి పిలుపొస్తే పోయింది. తిరిగొచ్చి నేరుగా పెద్ద సిరంజి ఎత్తింది.

“అమ్మా, మొదట్నుంచి చూడమ్మా!”

“ఊరికే అరవద్దప్పా” అంటూనే చొక్కా చెయ్యి పైకి జరిపింది. ముంజేయి ఎర్రగా దద్దురెక్కి ఉంది. సిరంజి పక్కన పెట్టి డాక్టరు కోసం పరుగెత్తింది.

“అలర్జీ. ఇది పడుంటే కాలు కాదు, మనిషే పోయేవాడు” అన్నాడు డాక్టరు. మందు మార్చారు. చీము మెల్లగా తగ్గింది. కాలు నిలిచింది, కాస్త పొట్టిదై.

ఇప్పుడు కుంటుతూనే సేద్యం చేస్తున్నాను. ఆకాశంలో ఇంజను మోగితే మాత్రం ఇంట్లోకి దూరుతాను. ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు ఒక్క మాట: నర్సు మందు చూసుకుంటుంటే పలకరించకండి. ఎవరైనా మధ్యలో పిలిస్తే, మళ్లీ మొదటినుంచి చూడమని అడగండి. తిట్టినా సరే.

ప్రమాణం చేశాను కనుక ఒకటి ఒప్పుకోవాలి. చక్రం చెక్‌పోస్టు దాకా పోలేదని మీకు తెలిసే ఉంటుంది. అసలు కల్పన చెప్పుల మాట. కాలు తీయాలన్నప్పుడు డాక్టరుతో నేనా మాట అనలేదు. ఆయన వెళ్లాక నా భార్య కొంగు పట్టుకుని, “తీయొద్దని చెప్పు లచ్చుమీ, తీయొద్దని చెప్పు” అని తెల్లారేదాకా ఏడ్చాను.