కోర్టులో అవతలివైపు నిలబడిన మామ

మా మామ పోయాడన్న వార్త నాకు చెన్నైలో, కెమెరా సామాన్ల కొట్టులో ఉండగా తెలిసింది. రెండు బ్యాటరీ ఫ్లాష్ లైట్లు ముందు పెట్టుకుని, ఏది కొనాలో అడుగుదామని ఆయనకు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మూడోసారి అటునుంచే ఫోన్ వచ్చింది. అత్త.

"యాడుండావు మే? మీ మామ పోయినాడు. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూచున్నాడు, ఇంక లేయలేదు" అంది.

లైట్లు అక్కడే వదిలేసి తిరుత్తణి రైలెక్కాను. దారిపొడుగునా నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వచ్చే నెల తిరువళ్ళూరులో పిల్లల షటిల్ పోటీలున్నాయి, ఇప్పుడు నేనెవరిని అడగాలి అన్న కోపం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, మొదట గుర్తొచ్చింది నా అవసరమే.

ఆయన మా అమ్మకు తమ్ముడు, నేను ఆయన మేనకోడల్ని. తిరుత్తణిలో పెళ్ళిళ్ళ ఫోటో స్టూడియో నడిపాడు. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. నేను పెళ్ళిళ్ళు వదిలేసి ఇండోర్ హాళ్ళలో ఆటల ఫోటోలు తీస్తానంటే ఇంట్లో అందరూ నవ్వారు, ఆయన ఒక్కడే నా వెంట వచ్చాడు. మాట్లాడేది తెలుగు, చదివేది అరవం. ఈ నాలుగు ముక్కలు ఆయనున్నా చదవగలిగేవాడు కాదు. నేను చదివి వినిపిస్తే సగంలోనే "సరి సరి, చాల్లే" అని లేచిపోయేవాడు.

నా వెంట రావడానికి ఒక కారణముంది. చాలా ఏళ్ళ కిందట ఎవరో అడిగారని ఆయన ఒక షటిల్ పోటీకి వెళ్ళాడట. ఆఖరి పాయింటు. అవతలి పిల్ల సర్వీసు చేస్తోంది, ఇవతలి పిల్ల అందుకోవాలి. మామ నెట్టు పక్కకు పోయి, అందుకునే పిల్ల మొహం మీదికి ఫ్లాష్ కొట్టాడు. ఆ పిల్లకు షటిల్ కాక్ కనబడలేదు. ఓడిపోయింది.

"తాళి కట్టేటప్పుడు ఎట్ల కొడతామో అట్లే కొట్టేసినా మే. ముహూర్తం తప్పిపోతాదేమో అన్నట్టు చెయ్యి దానంతట అదే పోయింది" అన్నాడు నాతో. "అంపైర్ దగ్గరికి పోయి తప్పు నాది, ఆ పాయింటు మళ్ళీ ఆడించండి అంటే ఒప్పుకోలా. ఆ పిల్ల నన్ను ఒక్క మాటా అనలేదు. అనింటే బాగుండు."

ఈ సంగతి నాకు మూడు నాలుగుసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవాడు.

లైటు కొనడానికి వెళ్తే ఆయనతో వేగడం కష్టం. పెట్టె మీద రాసింది చదవనిచ్చేవాడు కాదు. "వరసగా ముప్పైసార్లు కొట్టు. ముప్పయ్యోది మొదటిదాని మాదిరే వొస్తాదా చూడు" అనేవాడు. కొట్టువాళ్ళు విసుక్కున్నా కదిలేవాడు కాదు. బ్యాటరీని అరచేత్తో తాకి, జ్వరం చూసినట్టు వేడి చూసేవాడు. కరెంటు వైరుతో నడిచే లైటు వద్దనేవాడు, పరిగెత్తే పిల్లల కాళ్ళకు వైరు అడ్డం పడకూడదని. "పెద్ద లైటు కొని పావు వంతే పని చెయ్యమను. చిన్నదాన్ని కొని దాని ప్రాణం తీయబాకు" అనేవాడు. పావు వంతు బలంతో వెలిగితే ఫ్లాష్ మరీ చటుక్కున వెలిగి ఆరుతుంది, అందుకే ఎగిరే కాక్ ఫోటోలో చెదరదు. వెంటనే మళ్ళీ వెలగడానికి సిద్ధమవుతుంది కూడా. ఈ లెక్క ఆయనకెవరూ చెప్పలేదు, కొట్టి కొట్టి కనుక్కున్నాడు.

ఇవన్నీ అయ్యాక అసలు పరీక్ష హాల్లో. లైట్లు పైన గ్యాలరీ కమ్మీకి బిగించి, ఆటగాళ్ళు రాకముందే మామ వెళ్ళి కోర్టులో నిలబడేవాడు. పంచె ఎగగట్టి, ఎవరిదో రాకెట్ పట్టుకుని, పైకి లేచిన కాక్ కోసం చూస్తున్నట్టు తలెత్తేవాడు. "కొట్టు" అనేవాడు. నేను కొట్టేదాన్ని. "కొంచెం ఎడమకి తిప్పు. కొట్టు. ఇంకొంచెం. కొట్టు." కళ్ళు ఏమైనా అవుతున్నాయా అంటే, "నాకేం మే, నువ్వు కొట్టు" అనేవాడు. చివరికి "సరి" అన్నాకే పిల్లల్ని లోపలికి రానిచ్చేవాళ్ళం. నేను ఆ పరీక్ష ఫోటోలన్నీ తుడిచేసి, కార్డు ఖాళీ చేసుకుని ఆట మొదలుపెట్టేదాన్ని.

కర్మ రోజు దండ వేయడానికి అత్త ఫోటో అడిగింది. "నీ దగ్గర ఉంటాది కదా మే. ఎన్నిసార్లు తీసినావో" అంది. రెండు రోజులు వెతికాను. ఒక్కటీ లేదు. జీవితమంతా ఊరందరి ఫోటోలు తీసిన మనిషికి చివరికి ఆధార్ కార్డులోని బొమ్మనే పెద్దది చేయించి దండ వేశాం. దాని ముందు నిలబడి నేను తల ఎత్తలేకపోయాను.

తర్వాత చెన్నై వెళ్ళి రెండింట్లో పెద్ద లైటునే, జతగా తీసుకున్నాను. ముప్పైసార్లు కొట్టే చూశాను.

పోటీల రోజు ఉదయం తిరువళ్ళూరు హాలుకు అందరికంటే ముందు వెళ్ళాను. లైట్లు బిగించాను. కెమెరాను నేను ఎప్పుడూ నిలబడే చోట ఒక కుర్చీలో పెట్టాను. కోర్టులో నిలబడేవాళ్ళు ఎవరూ లేరు. రిమోట్ పట్టుకుని నేనే వెళ్ళి నిలబడ్డాను. తలెత్తి నొక్కాను.

కళ్ళు భగ్గుమన్నాయి. మెట్లెక్కి లైటు తిప్పి వచ్చి మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఎక్కాను, మళ్ళీ దిగాను. నాలుగోసారికి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తల పోటు మొదలైంది. ఆయన నా కోసం ఒక్కో హాల్లో ఇరవై, ముప్పైసార్లు నిలబడ్డాడు.

అయిదోసారికి లైటు కుదిరింది. ఇక ఏ పిల్లకూ కాక్ కనబడకుండా పోదు. బయట పిల్లల మాటలు వినిపిస్తున్నాయి. తలుపు తీయాలి. కానీ ముందు కొట్టిన ఫ్లాష్‌ల పచ్చటి మచ్చ ఒకటి కళ్ళలోంచి ఇంకా పోలేదు. నేను ఎప్పుడూ నిలబడే చోటికి చూశాను. కుర్చీ కనబడలేదు, కెమెరా కనబడలేదు. నేనక్కడ ఉండి ఉంటే నేనూ కనబడేదాన్ని కాదు. అన్నేళ్ళూ మామ ఆ మచ్చలోకి చూస్తూనే, నేనున్న వైపుకు తిరిగి "ఇంకోటి కొట్టు" అంటూ నవ్వాడు.