పెద్దబాపు కూర్చునే మలుపు

ఆ రోజుల్లో మాకు కాళ్ళలో బలం ఎక్కువ, బుర్రలో నిదానం తక్కువ. యూనివర్సిటీ హాస్టల్‌లో ఉండి ఎంఏ చదువుకునే నాకు, ఇప్పటికీ అర్థం కాని ఏదో కారణం చేత, క్యాంపస్‌లో ఏటా జరిగే పది కిలోమీటర్ల పరుగులో మెడల్ తెచ్చుకోవాలని బుద్ధి పుట్టింది. గెలిచినవాళ్ళకే కాదు, గడువులోపల గీత దాటిన ప్రతివాళ్ళకూ మెడల్ ఇస్తారు (లేకపోతే నేను పేరు ఇచ్చేదాన్నే కాదు). కొన్నాళ్ళు పొద్దున్నే లేచి ఉరికాను. ఊళ్ళో అమ్మకు, బాపుకు, పక్కింటివాళ్ళకు కూడా మెడల్ వచ్చేసినట్టే చెప్పేశాను.

మొదటి ఏడాది సగం దూరం బాగానే పోయాను. అక్కడ ఒక మలుపు, మలుపులో సిమెంటు బెంచీ, బెంచీ మీద పెద్దబాపు. అంటే మా బాపుకు అన్న. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరై, తార్నాకలో ఫ్లాట్ కొనుక్కుని, రోజూ పొద్దున స్నేహితులతో కలిసి క్యాంపస్‌లో నడవడానికి వచ్చేవాడు. మా ఇంట్లో పద్ధతి ఏమిటంటే, పెద్దవాళ్ళు దారిలో కనబడితే నిలబడి పలకరించకుండా పోకూడదు. బస్సులో కనబడినా సీటు వదిలేసి వెళ్ళి పలకరించాల్సిందే. నాకు తెలియకుండానే కాళ్ళు ఆగిపోయాయి.

"ఏం బిడ్డా, గింత పొద్దుగాల ఎటు ఉరుకుతున్నవ్?" అన్నాడు.

పందెమని చెప్పాను. ఆయన మహా సంబరపడి, మా తమ్ముని బిడ్డ అంటూ స్నేహితులందరికీ వరుసగా చూపించాడు. ఒకాయన ఏం చదువుతున్నానని అడిగాడు, ఇంకొకాయన అది చదివితే ఏం ఉద్యోగం వస్తుందని అడిగాడు (ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు). వద్దంటున్నా వినకుండా ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఇచ్చారు. అది కాలిపోతోంది. నేను ఊదుకుంటూ తాగుతుంటే నా వెనకాల ఉన్నవాళ్ళంతా ముందుకు పోయారు, ఆఖరికి జుట్టంతా నెరిసిన ఒకావిడ కూడా. కడుపులో చాయ్ తొణుకుతుంటే నేను చేరేసరికి, ముగింపు దగ్గర గాలి నింపి నిలబెట్టిన కమానులోంచి ఆ గాలి తీసేస్తున్నారు. మెడల్ లేదన్నారు, ఒక అరటిపండు చేతిలో పెట్టారు. హాస్టల్‌కు పోయి బాపుకు ఫోన్ చేసి, అంతా పెద్దబాపు వల్లే అయిందని ఏడ్చాను. బాపు ఆ మాట తీసుకెళ్ళి అన్నకే చెప్పాడు.

మరుసటి ఏడు పట్టుదలగా మళ్ళీ అదే దారిలోకి దిగాను. ఈసారి ఆగకుండా దండం పెట్టడం ఎలాగో హాస్టల్ వరండాలో సాధన చేశాను (ఉరుకుతూ రెండు చేతులూ జోడిస్తే ముందుకు తూలిపడతారు, కావాలంటే చూడండి). మలుపు రాగానే చేతులు లేపాను. బెంచీ మీద స్నేహితులున్నారు, ఫ్లాస్కు ఉంది, పెద్దబాపు లేడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఆగిపోయి, ఆయన ఏడని అడిగాను.

"నీకు అడ్డమైతనని ఇయ్యాల రాలే. నువ్వు నడువ్ బిడ్డా, టైం అయితది" అని నిరుడు చాయ్ పోసినాయన నన్ను తరిమాడు.

గడువుకు కాస్త ముందే గీత దాటాను. మెడల్ మెడలో వేసుకుని చెమటతోనే ఆటో ఎక్కి తార్నాక పోయాను. పెద్దమ్మ తలుపు తీసింది. పెద్దబాపు బూట్లు వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని సోఫాలో కూర్చుని ఉన్నాడు. తెల్లారినప్పటినుంచీ ఇదే వాలకమని పెద్దమ్మ విసుక్కుంది. ఆయన మెడల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మలుపుకాడ ఆగినవా బిడ్డా?"

ఆగానంటే బాధపడతాడనుకున్నాను. "లేదు పెద్దబాపు, అటు సూడనే లే" అని గర్వంగా చెప్పాను.

"మంచి పని జేసినవ్" అని మెడల్ నా చేతికిచ్చేసి, వంగి బూట్ల లేసులు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

అంత దూరం ఉరికి వచ్చిన ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. నీకోసం ఆగాను పెద్దబాపు అంటే సరిపోయేది. పైగా అది నిజం. ఇప్పుడు చెబుదామంటే ఆయన లేడు, నాకా ఉరికే ఓపికా లేదు.