వీధి చివరి దాకా వచ్చిన గొంతు

ఈ బ్లాగులో ఎప్పుడూ రాసేది మా కోడలు పద్మ. ఈసారి చెప్పేది నేను, టైప్ చేసేది తను. నాకు అక్షరం ముక్క రాదు. కానీ రాసినదంతా రెండుసార్లు చదివించుకుంటాను కాబట్టి ఒక్క మాట మెత్తబడినా దొరికిపోతుంది. మనవల పాట వినడానికి ఈ దేశంలో ఒంటరిగా బయలుదేరాలనుకునే నాలాంటి ముసలివాళ్ళ కోసం చెబుతున్నాను. మా అబ్బాయి సూరిబాబు కూడా చదవాలి.

వాడి కూతురు, మా మనవరాలు సిరి ఒపెరా గాయని. మైకు లేకుండా పాటలతోనే ఆడే నాటకం అది. ఏడేళ్ళు నేర్చుకుంది. ఇప్పుడు ఊరూరా తిరిగే ఒక చిన్న కంపెనీలో 'కవర్'గా ఉంది. అంటే అసలు గాయనికి ఒంట్లో బాగోకపోతే పాడడానికి పాత్ర మొత్తం కంఠస్థం చేసుకుని సిద్ధంగా ఉండాలి. రెండేళ్ళలో ఒక్కసారీ ఆ అవసరం రాలేదు. "పక్కోళ్ళకి జ్వరం వస్తే తప్ప దీనికి పని లేదు" అంటాడు సూరిబాబు. తన ఆఫీసులోనే దానికో ఉద్యోగం చూశాడు. అవునో కాదో సోమవారంలోగా చెప్పాలి. పిల్ల ఒప్పుకోదు, వీడు ఊరుకోడు. చివరికి ఇద్దరూ నా మీద పెట్టారు. నేను వెళ్ళి విని ఏం చెబితే అది.

కవర్లంతా కలిసి, జనం లేకుండా, మొదటి నుంచి చివరి దాకా పాడే రోజు ఒకటి ఉంటుందట. అది శుక్రవారం, రీడింగ్ అనే ఊళ్ళో ఒక చర్చి హాలులో. మేముండే హారోలో తొమ్మిదింపావుకు రైలెక్కాను. మామూలు రోజుల్లో మా ముసలివాళ్ళ ఉచిత పాస్ తొమ్మిది దాటాకే చెల్లుతుంది. చదువు రానివాళ్ళు రంగులు గుర్తుపెట్టుకోండి. ముందు మెరూన్ రంగు రైల్లో బేకర్ స్ట్రీట్. అక్కడ గోధుమరంగు రైలెక్కి మూడో స్టేషన్‌లో దిగాలి. పైట కొంగుకు మూడు ముడులు వేసుకుని స్టేషనుకొకటి విప్పుకుంటూ పోయాను. ఆ మూడోది పాడింగ్టన్. అక్కణ్ణుంచి ఊదారంగు రైలు, అదీ పాస్ మీదే. నిదానంగా వెళుతుంది, గంట పడుతుంది. కానీ రీడింగే చివరి స్టేషన్ కాబట్టి కునుకు తీసినా భయం లేదు. అన్నీ అంతదూరం వెళ్ళవు, ఎక్కేముందు అడగండి.

స్టేషన్ బయట దొరికిన టాక్సీ డ్రైవర్‌ది నల్గొండ. హాలుకు ఎనిమిది పౌండ్లు తీసుకున్నాడు.

"చర్చిల ఏం పని పెద్దమ్మా?"

"మనవరాలి పాట ఇనాలి. ఇటలీ బాసలో పాడద్ది."

"నీకు ఇటలీ వస్తదా?"

"తెలుగే సదవడం రాదు."

"మరి మంచిగ పాడిందో లేదో ఎట్ల తెలుస్తది?"

"సేప తాజాదో కాదో సెప్పడానికి దాని బాస రావాలేటి?"

నవ్వి, దిగేటప్పుడు నా సంచి తనే గుమ్మం దాకా తెచ్చాడు.

ముప్పై ఏళ్ళు కాకినాడ వీధుల్లో నెత్తిన బుట్ట పెట్టుకుని చేపలమ్మిన మనిషిని నేను. మైకు లేకుండా గొంతు ఎంతదూరం పోవాలో నాకు తెలుసు. గొంతుతో అరిస్తే మధ్యాహ్నానికి బొంగురుపోతుంది. పొట్టలోంచి తీయాలి.

హాలులో దీపాల్లేవు, వేషాల్లేవు. ఒక పియానో, జీన్స్ వేసుకున్న పదిమంది, నీళ్ళ సీసాలు. నన్ను వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. సిరి లేచి నిలబడి మొదలుపెట్టింది. బాగానే ఉంది. కానీ హాలు లోపల కూర్చుంటే ఏ గొంతయినా బాగానే ఉంటుంది. అందుకని పాట మధ్యలో లేచాను. తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళాను, వినబడింది. కార్లు ఆపే చోటికి వెళ్ళాను, వినబడింది. వీధి చివర బస్ స్టాప్ దాకా నడిచాను. ఒక లారీ పోయింది. అది పోయాక సన్నగా, తెగకుండా, అదే గొంతు. అక్కడే నిలబడి పాట అయ్యేదాకా విన్నాను.

తిరిగి వచ్చేసరికి టీ విరామం ఇచ్చారు. పిల్ల ముఖం పాలిపోయి ఉంది.

"మామ్మా, యూ వాక్డ్ అవుట్. నచ్చలేదని చెప్పేస్తావు కదా డాడీకి?"

"నాను లేత్తుంటే సూసేవా?"

"చూశాను."

"మరి ఆపలేదే?"

"ఆపకూడదు మామ్మా. ఎవరు లేచిపోయినా పాడాలి."

"బస్ స్టాప్ కాడికెల్లేను. ఆడికీ వచ్చేవు" అన్నాను. అది నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. హాలువాళ్ళ టీ, గుడ్డు శాండ్‌విచ్ మూడు పౌండ్లు. ఉప్పు లేదు.

సూరిబాబు ఫోన్ చేస్తే బాగా పాడిందని చెప్పాను. "బాగా పాడితే మట్టుకు ఏం లాభమే అమ్మా, పిలిచేవాళ్ళేరీ?"

నా జవాబు ఫోన్‌లోనే చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. నేను పిలిచిన ప్రతి గుమ్మమూ తలుపు తీసిందా? తీయని గుమ్మం ముందూ అదే గొంతుతో పిలిచాను. ఆ పిలుపు మీదే నువ్వు చదువుకుని ఈ దేశం వచ్చావు. తలుపు తీయలేదని నాకు రాని సిగ్గు, పిల్లని పిలవలేదని నీకెందుకు? ఎవరికీ జ్వరం రాకపోయినా దాని గొంతు దానికుంది, పాడనీ. ఆ ఉద్యోగంలో చేరనని సోమవారం సిరే ఉత్తరం పంపింది. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు వచ్చి, తర్వాతి పాట ఏ ఊళ్ళోనని అడిగాడు.

మీరూ వెళితే ముందు వరసలో కూర్చుని తీర్పు చెప్పకండి. లేచి వీధి చివరికి వెళ్ళి వినండి. కాకపోతే ఎందుకు లేస్తున్నారో పిల్లకు ముందే చెప్పండి. నేను చెప్పలేదు. అదొక్కటే నా తప్పు.