మాట్సా ఉండ మధ్యలో తొంభై నాలుగు డిగ్రీలు

నేను రిటైరవడానికి ఆరేళ్ల ముందు, మార్చి నెల మొదటి సోమవారం నాడు, షామ్‌బర్గ్‌కి తూర్పున ఉన్న సెక్టార్‌కి నన్ను మార్చారు. కౌంటీ ఆరోగ్య శాఖలో అప్పటికి నా హోదా సీనియర్ శానిటేరియన్. హోటళ్ల వంటగదులు తనిఖీ చేయడం మా పని. మాకు కావలసింది ఉష్ణోగ్రత, రుచి కాదు. వెళ్లినచోట కాఫీ కూడా పుచ్చుకోకూడదు.

ఆ సెక్టార్‌లో యూదుల భోజనశాల ఒకటి ఉండేది. జలుబు చేసినా, ఉద్యోగం ఊడినా, పెళ్లి సంబంధం చెడినా జనం అక్కడికి చికెన్ సూప్ కోసం వెళ్లేవారు. పులియని రొట్టెను పొడి చేసి, గుడ్లు కలిపి కట్టిన మాట్సా ఉండలు అందులో ఉంటాయి. ఆ భోజనశాల నడిపే రూత్ గారికి డెబ్బై ఎనిమిదేళ్లు. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన తమ్ముడు సాల్ గారు ఆమెకు సాయం.

వండిన సూప్ నూట ముప్పై అయిదు ఫారెన్‌హీట్ డిగ్రీల నుంచి రెండు గంటల్లో డెబ్బైకి, మరో నాలుగు గంటల్లో నలభై ఒకటికి దిగాలి. లేకపోతే సూక్ష్మక్రిములు పెరుగుతాయి. నా మొదటి తనిఖీలో రూత్ గారి సూప్ పెద్ద గిన్నెలో, పొయ్యి పక్కన, మూడు గంటలైనా నూట పది దగ్గరే ఉంది. పారబోయించి, పది రోజుల్లో మళ్లీ వస్తానని రాశాను. అప్పుడూ తప్పితే లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. ఆ పై వారమే యూదుల పాస్‌ఓవర్ పండుగ. ఊళ్లో సగం ఇళ్లు ఆమె సూప్‌కి ఆర్డర్ పెట్టుకుని ఉన్నాయి.

"మా అమ్మ ఇలాగే చల్లార్చేది. ఎవరూ చావలేదు. ముందు ఒక కప్పు తాగి చూడు, అమ్మాయ్," అన్నారామె. రూల్ ఒప్పుకోదనీ, పైగా నేను శాకాహారిననీ చెప్పాను. ఆమె జాలిగా చూసి, "ఇది చికెన్ కాదమ్మా, సూప్," అన్నారు.

రెండోసారి ఉదయం పదకొండుకు వెళ్లేసరికి సూప్‌ను లోతు తక్కువ ట్రేలలో పోసి, అప్పుడే మంచు మీద పెడుతున్నారు. సంతోషించాను. గోడకు తగిలించిన టెంపరేచర్ లాగ్ చూశాక ఆ సంతోషం పోయింది. సాయంత్రం అయిదు దాకా గడులన్నీ నింపేసి ఉన్నాయి.

"లెక్క కట్టాను. వేడి వస్తువు చల్లారడానికి ఒక సూత్రముంది. మీరు కూర్చోనక్కర్లేదు," అన్నారు సాల్ గారు.

చట్టం కొలవమంటుంది గానీ లెక్క కట్టమనదని చెప్పి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

నా సూది థర్మామీటర్ తీయబోతే రూత్ గారు చేయి అడ్డం పెట్టారు. "ఆ సూది పొద్దున ఎక్కడ గుచ్చావు?" పొద్దున అది పంది మాంసం అమ్మే చోట పనిచేసింది. యూదుల ఆచారంలో పంది మాంసం నిషిద్ధం, ఎంత కడిగినా వాళ్ల వంటింట్లోకి అది పనికిరాదు. వాళ్ల సొంత థర్మామీటర్‌నే మంచునీళ్లలో పెట్టి, సరిగ్గా ముప్పై రెండు చూపిస్తోందని తేల్చుకుని వాడాను.

పన్నెండూ యాభైకి సూప్ అరవై ఆరుకు దిగింది. సాల్ గారి లాగ్‌లో అరవై ఏడు. ఆయన మెడల్ వచ్చినవాడిలా నిలబడ్డారు. అప్పుడు నేను కమలాపండంత ఉన్న ఉండ మధ్యలో సూది గుచ్చాను. తొంభై నాలుగు.

"నలభై ఏళ్లుగా చెబుతున్నాను రూత్, నీ ఉండలు బరువని."

"నా ఉండలు మబ్బుతునకలు!"

"మబ్బు మధ్యలో తొంభై నాలుగు ఉండదు."

రూత్ గారు నావైపు తిరిగారు. "నువ్వు చెప్పు అమ్మాయ్, అవి బరువా?" అది నా పరిధిలో లేదన్నాను. పరిధిలో ఉన్నది మాత్రం చెప్పాను: రెండు గంటలు నిండకముందే నూట అరవై అయిదు దాకా మళ్లీ వేడిచేయడం మొదలుపెడితే ఇంకొక్క అవకాశం ఉంటుంది. నిండితే పారబోయడమే. వాళ్ల వాదన ఆగలేదు. "ఏడు నిమిషాలు," అన్నాను. అప్పుడు ఇద్దరూ పొయ్యి దగ్గరికి పరుగెత్తారు.

ఈసారి ఉండల్ని సూప్‌లోంచి తీసి విడిగా పరచమని సలహా ఇచ్చాను. ఆమె ససేమిరా అన్నారు. "పిల్లలు తల్లి దగ్గరే ఉండాలి."

"వాళ్లు పెద్దవాళ్లయ్యారు, వేరే గది ఇవ్వు," అన్నారు సాల్ గారు.

ఆమె మూతి ముడుచుకుని, ఒక్కొక్క ఉండ మీదా గరిటెడు సూప్ పోసి ట్రేలో పరిచారు. సూప్‌తోపాటు ఉండలూ గడువులోపలే నలభై ఒకటికి దిగాయి. సాల్ గారు ప్రతి అంకెనూ చూశాకే రాశారు. నేను పాస్ అని సంతకం పెట్టాను. పండుగకి సూప్ ఇళ్లకు చేరింది.

"రోజంతా సూప్ దగ్గర కూర్చుని ఒక్క స్పూన్ కూడా టేస్ట్ చేయలేదా? వేస్ట్ ఉద్యోగం!" అన్నారు మా ఆయన. రిటైరయ్యాక ఆయన్ని అక్కడికే తీసుకెళ్తున్నాను. నేను నూనెలో వేయించిన ఆలుగడ్డ లాట్కేలు తింటాను, ఆయన సూప్ తాగుతారు. ఉండలు బరువేనా అంటే గబుక్కున ఇంకో స్పూన్ నోట్లో పెట్టుకుంటారు. రూత్ గారు వింటుంటారు.

ఆ తనిఖీ తర్వాత, రిటైరయ్యేదాకా, నా దగ్గరికి వచ్చిన ట్రైనీలందరికీ రెండు విషయాలు నేర్పాను. సూది తేలిగ్గా దిగేచోట కాక, అన్నిటికన్నా మందంగా ఉన్నచోట మధ్యలో కొలవాలి. అంకె పైకి చదివాక కాగితంలోకి చూడాలి, వండిన మనిషి మొహంలోకి కాదు.