రెండు బ్రేకుల జోడు

వేడెక్కిన తారు మీద తొలి చినుకులు పడితే వచ్చే వాసన అందరికీ ఇష్టమంటారు. నాకు మాత్రం కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. మొన్న కోరుట్ల రోడ్డు మీద మళ్లీ ఆ వాసన తగిలింది. ట్రాక్టరు పక్కకు ఆపి లచ్చక్కకు ఫోన్ చేశాను. "ఏం తమ్మీ, అక్కడ వాన పడ్తుందా?" అని నవ్వింది. ఆ నవ్వు వింటే ప్రాణం కుదుటపడింది.

లచ్చక్క నా మొదటి యజమాని. గొల్లపల్లి దగ్గర మా ఊరే. భర్త దుబాయిలో ఉంటే, ఇక్కడ ట్రాక్టరు కొని కిరాయికి తిప్పేది. తనకు స్కూటీ తప్ప ఏదీ నడపరాదు గానీ, నా డ్రైవింగుకు వంకలు పెట్టడంలో ఆమెకు సాటి లేరు. ట్రాక్టరుకు కుడి చక్రానికో బ్రేకు, ఎడమ చక్రానికో బ్రేకు ఉంటాయి. చేనులో మూల తిరగాలంటే ఒక్కటే తొక్కుతాం. రోడ్డు మీద అలా తొక్కితే బండి అడ్డం తిరుగుతుంది. అందుకే రెంటినీ కలిపే కొక్కెం ఒకటుంటుంది, దాన్ని జోడు అనేవాళ్లం. మా ఊళ్లో దాన్ని ముట్టుకున్న డ్రైవరు లేడు. రోజంతా చేన్లోకీ రోడ్డు మీదికీ తిరిగేవాడికి విసుగే మరి. లచ్చక్క మాత్రం నేను జోడు వేశానో లేదో గట్టు మీద నిలబడి మరీ చూసేది.

"అందరు నవ్వుతున్నరక్కా" అన్నానొకసారి.

"నవ్వనీ. చేన్ల నీ ఇష్టం తమ్మీ. రోడ్డెక్కినంక సర్కారు కానూను. తొక్కితే బండి సీదా ఆగాలె."

వడ్ల కాలంలో ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మింది. ఆమె వడ్ల బస్తాలన్నీ కల్లంలోనే ఉన్నాయి. నేను ఒకరి చేను దున్నుతుంటే స్కూటీ మీద ఉరికొచ్చింది. "జల్ది నడువు, బస్తాలు తడుస్తయి!"

గట్టెక్కి బండి ఆపి కిందికి వంగాను. కొక్కేనికి మట్టి గట్టిగా పట్టేసింది. గీకుతున్నాను.

"గిప్పుడు గదేందిరా! ఇడ్సిపెట్టు!"

"నువ్వు చెప్పిందే గదక్కా, ఆగు."

జోడు పడేదాకా తిట్టిపోసి, స్కూటీ తిప్పుకుని నా ముందు బయల్దేరింది. వెనకాలే నేను. కల్వర్టు మలుపులో చినుకులు మొదలయ్యాయి. స్కూటీ జారింది. లచ్చక్క సరిగ్గా నా బండి ముందు పడింది. బలమంతా పెట్టి తొక్కాను. ఆ కంగారులో కాలు రెంటిలో ఏ బ్రేకు మీద పడిందో నాకే తెలియదు. బండి మాత్రం ఇటూ అటూ పోకుండా ఆగింది. బానెట్ అడ్డం వచ్చి ఆమె కనిపించలేదు.

"అక్కా!"

"ఉన్న తమ్మీ, ఉన్న" అని కింది నుంచి గొంతు వచ్చింది.

దిగి చూస్తే చక్రానికి జానెడు దూరంలో కూర్చుని, గీరుకున్న మోచేయి ఊదుకుంటోంది. నేను రోడ్డు మీదే కూలబడి ఏడ్చేశాను. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా లేదు. బస్తాలు కొన్ని తడిశాయి. ఎండ కాశాక ఆరబోసుకున్నాం. "ఇంకోపారి తొందరవెడితే నా మాట గూడ ఇనకు" అంది ఆమె, వడ్లు పలచగా పరుస్తూ.

ఇప్పుడు సిరిసిల్ల దిక్కు వేరేవాళ్ల బండి నడుపుతున్నాను. తొందరపెట్టేది యజమానే అయినా, జోడు వేయనిదే రోడ్డెక్కను. కోపపడతారు, పడనీ. బతికుంటేనే కదా నా మీద కోపపడేది.