పసుపు ఎర్రబడిన డ్రమ్ము

మా బావ లారీ నడుపుతాడు. బర్మా ఉత్తరాన కొండల్లో గనులున్నాయి. అక్కడ మట్టిని మందునీళ్ళతో కడిగాక మిగిలిన బురదను నీలం డ్రమ్ములకెత్తి, పెద్ద రోడ్డు మీదుగా యాంగోన్ శివారులోని గిడ్డంగికి చేరుస్తాడు. ఖాళీ డ్రమ్ములతో తిరిగి వెళ్ళేముందు ఊళ్ళోనే ఇన్సేన్‌ పేటలో మా తెలుగువాళ్ళ సందుకొచ్చి, అక్క వండింది తిని పడుకుంటాడు. అతనికి కావలసింది అంతే.

ఆ రోడ్డు మీద ఎక్కడో ఒక లారీ వాగులో బోల్తాపడి చేపలు చచ్చాయని టీకొట్టులో విన్నాను. చచ్చి తేలితే నాకేం తృప్తి? అవి ఒడ్డెక్కి, వరసగా నడిచి, ఠాణాలో ఫిర్యాదు చేశాయని చెప్పాను. నవ్వుతూ విన్నవాళ్ళే మర్నాడు అమ్మోరి గుడి దగ్గర కూడి, లారీ రైలుకట్ట దాటి సందులోకి రాకూడదన్నారు. మనిషి మాత్రం రావచ్చట. వచ్చిన మనిషికి దోసిట్లో నీళ్ళు ఎత్తి పోసేవారు గానీ గ్లాసు ఇచ్చేవారు కాదు. అంతా బంధువులే.

ఎండలు ముదిరి కుళాయి ఎండింది. నీళ్ళబండి వచ్చినప్పుడు పట్టుకోవడానికి పాత్రలు చాలలేదు. అప్పుడు అందరికీ ఆ నీలం డ్రమ్ములు గుర్తొచ్చాయి.

"ఏటల్లుడా, కాళీయే గదా," అంది మా పెద్దమ్మ. సందుకంతటికీ ఆవిడే పెద్ద.

"ఒద్దత్తా. మందు డ్రమ్ములవి. తాగితే సస్తారు."

"ఇవ్వడం ఇష్టం నేదని సెప్పు. మా సావు నువ్వు సెప్పడమేటి?"

బావ అన్నం తింటుండగా ఆడవాళ్ళు వెళ్ళి ఒక డ్రమ్ము దొర్లించుకొచ్చారు. కొత్త పాత్రలో నీళ్ళు పోసేముందు పసుపు రాసి బొట్టు పెట్టడం మావాళ్ళ అలవాటు. పసుపు తగిలాక ఏదైనా శుద్ధి అయినట్టే. పెద్దమ్మ తడిపిన పసుపు మూతి చుట్టూ రాసింది. రాసిన చోటల్లా నెత్తురులా ఎర్రబడింది.

సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని, ఎన్నో దిష్టినీళ్ళు కలిపిన ఆ చేతులకి తెలియనిది కాదు. ఆ బురదలో సున్నం కలుపుతారని బావ చెబుతూనే ఉన్నాడు.

"అమ్మోరొచ్చింది," అంది పెద్దమ్మ. అరచేతులు బొబ్బలెక్కుతుంటే అది అమ్మవారి వేడి అంది. ఇందులో నీళ్ళు పోసి తలా గుక్కెడు తీర్థం తీసుకుందామన్నారు జనం. బావ అడ్డం నిలబడ్డాడు. ఇద్దరు అతని రెక్కలు పట్టి లాగేశారు.

"బామ్మర్దీ, నువ్వైనా సెప్పు."

నిజం అతను అప్పటికే చెప్పేశాడు, పనిచెయ్యలేదు. నేను కళ్ళు తేలేసి, ఊగి, గొంతు మార్చాను. "ఈ డ్రమ్ము నాది. ఇందులో నీళ్ళు ముట్టినోల్ల నోరు పడిపోద్ది."

అందరూ వెనక్కి జరిగారు. ఎవరూ తాగలేదు. అయితే అమ్మవారికి కోపమొచ్చిందంటే, తెప్పించినవాడొకడు ఉండాలి. సాయంత్రానికి వాణ్ణి తేల్చారు. ఇకమీదట మనిషి కూడా రైలుకట్ట దాటి రాకూడదు. అక్క గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

"అమ్మోరు ఆ మాట అన్లేదు," అన్నాను.

"నీకేటి తెల్సురా? అప్పుడు నువ్వు నువ్వు కాదు గదా," అంది పెద్దమ్మ, కట్లు కట్టిన చేతులు ఊపుతూ.

బావ ఇప్పుడు లారీ కిందే పడుకుంటున్నాడు. అక్క పంపే క్యారియర్ నేనే తీసుకెళ్తాను. మొన్న అన్నం కలుపుతూ, తలెత్తకుండా అడిగాడు.

"వానలు పడ్డాకైనా రానిత్తారేటి?"

"అమ్మోర్నడిగి సెప్తాను," అన్నాను.

తినకుండానే గిన్నె మూతపెట్టి నా చేతికిచ్చాడు.